దృశ్యదాహానికి త్రీఫేజ్ కరెంటు

అనంతపురం పీఠభూమికి కావలసింది కాలువలు కాదు. చెరువులు కాదు. విమానమెక్కి మబ్బుల మీద ఉప్పు చల్లడం అసలే కాదు. ఈ కరువు నేలకు తక్షణం కావలసింది వీడియో ఆర్ట్ ఎగ్జిబిషన్! మండలానికి ఒకటి. వీలైతే రెండు.

నవ్వకండి. "కళ కడుపు నింపుతుందా?" అని అడిగే పెద్దమనుషులు మీలో ఉంటారని తెలుసు. అడిగేవాళ్లలో ఎంతమందికి బోరు ఉంది? ఆ బోరు కింద ఎంతమందికి తోట ఉంది? లేనివాళ్లు దయచేసి కాసేపు ఊరుకోండి. ఉన్నవాడు కుళ్ళాయప్ప. ఆయన సంగతి విన్నాక మాట్లాడుకుందాం.

గార్లదిన్నె దగ్గర రోడ్డు దిగి లోపలికి నాలుగు మైళ్లు పోతే ఒక రేకుల గోదాము వస్తుంది. ఏటా వానాకాలం ముందు రైతులకు శెనక్కాయ విత్తనాలు సబ్సిడీ మీద ఇచ్చేది అక్కడే. ఏడాదిలో పది రోజులు దాంట్లో జనం ఉంటారు, మిగతా రోజులు ఎలుకలు ఉంటాయి. గోదాము గోడ దాటితే కుళ్ళాయప్ప తోట. రెండెకరాలు, రెండు వందల పది చీనీ చెట్లు. మీ ఊళ్లో బత్తాయి అంటారే, అదే. చెట్లకు ఎనిమిదేళ్లు. వాటిని ఆయన కన్నబిడ్డల్లా పెంచాడని రాయడం ఆనవాయితీ గానీ, నిజం చెప్పాలంటే కన్నబిడ్డలకు ఆయన అంత చేయలేదు. పిల్లలకు జ్వరమొస్తే ఆయన భార్య చిన్నక్క చూసుకునేది. చెట్టుకు ఆకుముడత వస్తే మాత్రం కుళ్ళాయప్ప అన్నం మానేసేవాడు.

ఆ తోట ప్రాణమంతా ఒక బోరులో ఉంది. ఆ బోరు స్వభావం వేరు. నలభై నిమిషాలు నీళ్లు పోస్తుంది. ఆ తర్వాత గంటన్నర సేపు దాన్ని పలకరించకూడదు, లోపల నీళ్లు ఊరాలి. ఊరాక మళ్లీ నలభై నిమిషాలు. మర్యాదగా అడిగితే రోజంతా ఇస్తుంది పాపం. కానీ కరెంటు స్వభావం ఇంకా వేరు. పొద్దున వస్తుంది, పోతుంది, మధ్యాహ్నం వస్తానని మాటిచ్చి రాదు. కరెంటు ఉన్నప్పుడు బోరులో నీళ్లుండవు, బోరులో నీళ్లున్నప్పుడు కరెంటు ఉండదు. ఒకరు పగటి డ్యూటీ, ఒకరు రాత్రి డ్యూటీ చేసే మొగుడూ పెళ్లాల కాపురం అది. రెండూ కలిసేది రోజుకు మూడుసార్లు.

మూడుసార్లతో రెండు వందల పది చెట్లు మే నెల దాటవు. వాన పడేదాకా నెలా నెలన్నర ఎలాగో కాపాడితే తోట నిలుస్తుంది. లేదంటే పక్క చేను గంగాధరప్ప గతే. గంగాధరప్ప పోయిన ఎండాకాలం మూడు వందల చెట్లను కొట్టించి కట్టెలుగా పంపేశాడు. లారీ కదిలేటప్పుడు ఆయన ఏడవలేదు. చెయ్యెత్తి టాటా చెప్పాడు. అది కళ్లారా చూసిన కుళ్ళాయప్ప ఇప్పటికీ లారీ హారన్ వినబడితే పోయి తన చెట్లు లెక్కపెట్టుకుంటాడు.

"చెట్లు ఎండిపోతే ఏం జేస్తాం మేయ్?" అని ఒకరోజు చిన్నక్కను అడిగాడు.

ఆమె చేతిలో చేట దించలేదు. "ఏం జేస్తాం, బెంగుళూరుకి పోయి ఎవురో కట్టుకునే మిద్దెలకి నీళ్లు కొడతాం. ఆడ నీళ్లుంటాయి," అంది.

సరిగ్గా అలాంటి సమయంలో ఆ ఊరికి కళ వచ్చింది. లారీలో వచ్చింది.

మే మూడో వారంలో ఒక పొద్దున గోదాము ముందు లారీ ఆగింది. తాళం తీశారు. పెద్ద పెద్ద అట్టపెట్టెలు దించి లోపలికి మోశారు. ఆ దృశ్యాన్ని చూసింది ముగ్గురే. చాలదా? గంటలో నాలుగు ఊళ్లకు తెలిసిపోయింది, ఈ ఏడు ఇత్తనాలు ముందే వచ్చినాయని!

ఇక్కడ మీకొక ఆచారం చెప్పాలి. విత్తనాల కోసం రెండు మూడు రోజులు ఎండలో నిలబడటం మనిషి వల్ల అయ్యే పని కాదు. అందుకని ఆ ప్రాంతంలో మనిషికి బదులు చెప్పు నిలబడుతుంది. జతలో ఒకటి. బాగా పాతదైతే మంచిది, ఎవరూ ఎత్తుకుపోరు. చెప్పు పెట్టి, దాని కింద పట్టాదారు పాస్‌బుక్ జిరాక్సు పెట్టి, మనిషి చెట్టు నీడకు పోతాడు. ఆ చెప్పును జరిపే మగాడు ఇంకా పుట్టలేదు. సొంత తమ్ముడి గట్టును రాత్రికి రాత్రి రెండడుగులు జరిపిన మహానుభావులు కూడా లైన్లో పెట్టిన చెప్పు జోలికి పోరు!

మధ్యాహ్నానికి గోదాము తలుపు నుంచి కుళ్ళాయప్ప కంచె దాకా మూడు వందల పన్నెండు చెప్పులు చేరాయి. కుళ్ళాయప్పది ఎనభై ఎనిమిదోది, పచ్చ వార్ల హవాయి చెప్పు.

తలుపు తీసుకుని బయటికొచ్చిన అమ్మాయి పేరు అరుణజ్యోతి. ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇంట్లో పుట్టి, ఎక్కడో ఉత్తరాదిన బొమ్మల చదువు చదివి, బెంగళూరులో ఉంటున్న కళాకారిణి. ఆమె తెచ్చిన ప్రదర్శన పేరు "దృశ్యదాహం". సినిమాలు, సీరియళ్లు, రీల్సు, టీవీ చర్చలు కలిసి మన జనాన్ని ఎలా నమిలి మింగుతున్నాయో విమర్శించే పదకొండు వీడియోలు. ఖర్చు ఢిల్లీలో ఉండే ఒక ఫౌండేషన్‌ది. "కళను నగరాల గ్యాలరీల్లో బంధించరాదు, దాహం ఉన్న చోటికే తీసుకుపోవాలి" అని వాళ్లు కరపత్రం వేశారు. దాహం ఉన్న చోటు ఎక్కడో మాత్రం సరిగ్గా కనిపెట్టారు, ఆ మెచ్చుకోలు వాళ్లకు దక్కాలి.

బెంగళూరులో ఆమె ప్రదర్శనకు మొదటి రోజు వచ్చింది పద్నాలుగు మంది. అందులో తొమ్మిది మంది సమోసాల కోసం వచ్చారు. ఇక్కడ ఈ బారు చూసి ఆమె గోదాము మెట్ల మీద కూర్చుండిపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"వీళ్లంతా దీని కోసమేనా?" అని అడిగింది.

"దీనికే మ్మా. ఉగాది నుంచి ఎదురుచూస్తాండాం," అన్నాడు గంగాధరప్ప, పాస్‌బుక్ ముందుకు చాస్తూ.

అంతటి ప్రేమకు ఏమివ్వాలో ఆమెకు తోచలేదు. ప్రదర్శన చూసినవాళ్ల ముంజేతి మీద వేయడానికి తెచ్చిన నీలి ముద్ర ఉంటే తీసి, పాస్‌బుక్ జిరాక్సు మీద వేసింది. ముద్ర పడింది! ఇక అనుమానించేవాడెవడు? ప్రభుత్వం అంటే ముద్రే కదా. మూడు వందల పన్నెండు మంది క్రమశిక్షణతో లోపలికి నడిచారు.

అయ్యా, దేశంలో కళా విమర్శకులు చాలామంది ఉన్నారు. వాళ్లలో ఎవరైనా ఆ మధ్యాహ్నం అక్కడ ఉంటే ఉద్యోగం మానేసి శెనక్కాయ వేసుకునేవారు.

మొదటి గదిలో, ఆ పూటకు అద్దెకు తెచ్చిన జనరేటరు మీద, గోడంత ఎత్తున ఒక సీరియల్ నాయిక ముఖం. ఆమె కంట్లో ఒక బొట్టు పుట్టి, చెంప మీదుగా జారి, గడ్డం చేరడానికి సరిగ్గా నలభై నిమిషాలు పడుతుంది. సీరియళ్లు మన ఏడుపును ఎంత సాగదీస్తాయో చెప్పడం కళాకారిణి ఉద్దేశం. కుళ్ళాయప్ప ఆ బొట్టును మొదటి నుంచి చివరిదాకా కన్నార్పకుండా చూశాడు.

"డ్రిప్పు పైపు మూసుకపోయినాదమ్మా. ఉప్పు పేరుకోనుంటాది. రోంత యాసిడ్ ఇడిస్తే మళ్లా బాగా పారుతాది," అన్నాడు సానుభూతిగా.

అరుణజ్యోతి వెంటనే నోటుబుక్కులో రాసుకుంది: కన్నీటికి యాసిడ్ సూచించిన ప్రేక్షకుడు.

రెండో గదిలో సినిమా హీరో కటౌట్. దాని మీద పోసిన పాలు వెనక్కి నడుస్తాయి. బూట్ల దగ్గర నుంచి పొట్ట మీదుగా, మీసాల మీదుగా పైకెక్కి ప్యాకెట్లలోకి దూరతాయి. ప్యాకెట్లు మూతబడతాయి. చిన్నక్క రెండు చేతులూ జోడించింది. "మంచి పని జేసినావు తల్లీ. ఇంగ ఆ ప్యాకెట్లన్నీ అంగనవాడీకి పంపిస్తారా?" అని అడిగింది. మూడో గదిలో ఆరుగురు టీవీ మేధావులు మెడ నరాలు పగిలేలా అరుస్తుంటారు, శబ్దం మాత్రం రాదు. "వార్తలంటే ఇట్లుండల్ల," అని గంగాధరప్ప అక్కడే తుండుగుడ్డ పరిచి కూర్చున్నాడు. నాలుగో గదిలో నలభై సెల్‌ఫోన్లకు నలభై రబ్బరు బొటనవేళ్లు. మనిషితో పని లేకుండా అవే రీల్సును పైకి నెట్టుకుంటూ ఉంటాయి. కూలి మనిషి దొరకని కాలంలో ఈ మిషను కలుపు తీయడానికి వస్తుందా అని నలుగురైదుగురు విచారించారు.

సాయంత్రానికి అసలు సంగతి తెలిసింది. పెట్టెల్లో ఉన్నది టీవీలు, విత్తనాలు కావు. జనం తిట్టారు. ఆ తిట్లను ఇక్కడ అచ్చు వేస్తే ఈ పత్రికను కూడా ఎగ్జిబిషన్‌లో పెట్టాల్సి వస్తుంది. తిట్టి, ఎవరి చెప్పు వాళ్లు తీసుకోవడానికి వంగారు.

అప్పుడు గోడ అవతల కుళ్ళాయప్ప మోటారు దానంతటదే మోగింది.

ఆటో స్టార్టర్ పెట్టిన మోటారు కరెంటు రాగానే తిరుగుతుంది, అందులో వింత లేదు. వింతంతా ఆ వేళకు కరెంటు రావడంలో ఉంది. కుళ్ళాయప్ప ఉలిక్కిపడి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి పరుగెత్తాడు. లైన్‌మన్ యేసన్న అక్కడే బీడీ కాలుస్తూ నిలబడి ఉన్నాడు.

"ఏం యేసన్నా, ఈ టయానికి కరెంటేంది? ఎవురన్నా పెద్దోల్లు వస్తాండారా?"

"పైనుంచి ఫోనొచ్చినాది కుళ్ళాయప్పా. ఆ ఎగ్జిబిషన్ ఉన్నన్నాళ్లూ ఈ లైన్లో కరెంటు తీయకూడదంట. ఇరవై నాలుగ్గంటలు, త్రీఫేజు. కరెంటు పోతే ఆయమ్మ కన్నీళ్లు నడిమద్దెలో నిలబడిపోతాయంట!" యేసన్న బీడీ ఆర్పి గట్టిగా ఊపిరి వదిలాడు. "పద్దెనిమిదేండ్లు నేనీడ పనిజేస్తాండా. ఈ లైను లోడుకి తట్టుకోదప్పా, తట్టుకోదప్పా అని మీకు చెప్పి చెప్పి నా నోరు అరిగిపోయినాది. యాడో ఒక ఫోను మోగితే తట్టుకునింది చూడు."

"ఎన్నాళ్లుంటాదంట?"

"జనం వచ్చినన్నాళ్లు. దినానికి నూరుమంది కంటే తగ్గితే మూసేసి పోతారంట."

కుళ్ళాయప్ప ఒకసారి ట్రాన్స్‌ఫార్మర్ వంక చూశాడు. ఒకసారి చెప్పుల లైను వంక చూశాడు. అక్కడ జనం చెప్పులు చంకన పెట్టుకుంటున్నారు. పుట్టి బుద్ధెరిగాక నలుగురి ముందు నోరు విప్పని మనిషి, ఆ రోజు మెట్లెక్కి ఉపన్యాసమిచ్చాడు.

"చెప్పులు తీయొద్దండప్పా! ఇత్తనాలు ఈ గోదాముకి కాక ఇంగ యాడికొస్తాయి? ఈ పొద్దు కాకపోతే రేపు. వచ్చిననాడు ఇదే లైను. తీసినోడు మళ్లా కడాకి పోవాల్సిందే. దినామూ ఒక తూరి వచ్చి, లోపల సుట్టు తిరిగి, ముద్ర ఏయించుకోండి. ముద్రలు ఎక్కువున్నోల్లకే ముందు!"

చివరి మాట అబద్ధం. మిగతాదంతా ఆశ. రెండూ సమపాళ్లలో కలిపితే మన దేశంలో దాన్ని పథకం అంటారు, కాబట్టి జనం నమ్మారు. చెప్పులు మళ్లీ నేల మీదికి దిగాయి.

ఆ తర్వాత ఇరవై మూడు రోజులు ఆ ఊళ్లో కళాయుగం నడిచింది.

రోజుకు మూడు వందల మంది ప్రేక్షకులు! ఏ దేశంలో ఏ గ్యాలరీకి ఈ యోగం ఉంది? గోదాములో ఏసీ పెట్టారు కదా, ఆడవాళ్లు చింతపండు బుట్టలు తెచ్చుకుని, ఏడుస్తున్న నాయిక ముందు కూర్చుని గింజలు తీశారు. గంగాధరప్ప శబ్దం లేని వార్తలు చూసి చూసి, ఇంట్లో టీవీకి కూడా నోరు నొక్కేశాడు. ఆయన ఇంట్లో శాంతి నెలకొంది. అరుణజ్యోతి రోజూ ఢిల్లీకి నివేదిక పంపేది: సగటు ప్రేక్షకుడు మూడు గంటలు ఉంటున్నాడు, తిరిగి మర్నాడు వస్తున్నాడు.

కుళ్ళాయప్ప అయితే ఆ కన్నీటి బొట్టుకు బంధువైపోయాడు. బొట్టు గడ్డం చేరడానికి నలభై నిమిషాలు, బోరు పోసేదీ నలభై నిమిషాలే. ఒక బొట్టు రాలితే మోటారు ఆపాలి. ఇంకో రెండు బొట్లు రాలి, మూడోది ముక్కు దాకా వస్తే బోరు ఊరినట్టు. గడియారం లేకుండా లెక్క కుదిరింది. "బొట్టు చెంప మిందికొచ్చినాది, పోయి రెండో సాలు గేటు తిప్పుపో!" అని ఆయన లోపలి నుంచి కేకేస్తే, గోడ అవతల చిన్నక్క వాల్వు తిప్పేది. రోజుకు మూడుసార్లు తాగే చెట్లు పదకొండుసార్లు తాగాయి. పదో రోజుకు కొమ్మల చివర లేత చిగురు కనబడింది. ఆ చిగురు చూసి కుళ్ళాయప్ప చెట్ల మధ్య కూర్చుని చాలాసేపు లేవలేదు. సంతోషంతో ఏడ్చాడని అనడానికి సిగ్గేముంది? ఏడ్చాడు. ఆ బొట్లకు నలభై నిమిషాలు పట్టలేదు.

అరుణజ్యోతి గోడ దాటి వచ్చి అప్పుడప్పుడూ తోటలో తిరిగేది. మూలనున్న పెద్ద చెట్టు పాదులో నీళ్లు తిరుగుతుంటే కెమెరా నేల మీద పెట్టి వీడియో తీసుకుంది. ఒకరోజు అడిగింది, "పెద్దాయనా, మీరు ఒక్క రోజు కూడా మానలేదు. నా ప్రదర్శనలో మీకు బాగా నచ్చిందేమిటి?"

కుళ్ళాయప్పకు ఆ పిల్లతో అబద్ధమాడబుద్ధి కాలేదు. "స్టెబిలైజర్ మీద ఎర్ర లైటు బుగ్గ ఉండాది గదమ్మా, అది నాకు శానా నచ్చినాది. లోపలికి రాంగానే ఫస్టు దాన్నే చూస్తా. ఎలుగుతాంటే మనసు నెమ్మదిస్తాది," అన్నాడు.

ఆమె నిర్ఘాంతపోయింది. ఆ రోజు నివేదికలో ఇలా రాసింది: బొమ్మను దాటి దాని వెనకున్న యంత్రాన్ని చూసిన మొదటి ప్రేక్షకుడు ఇక్కడ దొరికాడు.

ఆ నివేదికే కొంప ముంచింది. ఢిల్లీ ఫౌండేషన్ పెద్దమనిషి ఒకాయన ఇంత గొప్ప జనాన్ని కళ్లారా చూడాలని జూన్ రెండో వారంలో బయలుదేరి వచ్చాడు. ఆయన వచ్చిన రోజే నిజమైన విత్తనాలు కూడా వచ్చాయి. ఈ గోదాముకు కాదు. మెయిన్ రోడ్డు పక్కన వేరే షెడ్డుకు.

పొద్దున ఎనిమిదికి కబురు తెలిసింది. ఎనిమిదిన్నరకు గోదాము దగ్గర ఒక్క పురుగు లేదు. అందరూ ఆ షెడ్డు దగ్గర కొత్త లైను కట్టారు. పాత లైన్లో చెప్పులు తీసుకునే తీరిక లేక, కాలికి మిగిలిన రెండో చెప్పు అక్కడ పెట్టి, ఒట్టికాళ్లతో నిలబడ్డారు.

కుళ్ళాయప్ప పోలేదు. విత్తనాలు పోతే ఒక ఏడాది పోతుంది, చెట్లు పోతే ఎనిమిదేళ్లు పోతాయి. నూరుమందిని ఎక్కడి నుంచి తేవాలి? ఉన్నది తనూ, చిన్నక్కా, యేసన్నా. ముగ్గురూ ముందు తలుపున పోయి వెనక తలుపున వచ్చారు. మళ్లీ పోయారు. కుళ్ళాయప్ప ఒక చుట్టు తలపాగాతో, ఒక చుట్టు తలపాగా లేకుండా, ఒక చుట్టు యేసన్న చొక్కా వేసుకుని తిరిగాడు. చిన్నక్క కొంగు ముసుగేసుకుని ఒకసారి, గంప నెత్తిన పెట్టుకుని ఒకసారి తిరిగింది. పంతొమ్మిది చుట్లు. గుడికి తిరిగి ఉంటే దేవుడైనా బయటికొచ్చి విషయమేమిటని అడిగేవాడు.

ఢిల్లీ పెద్దమనిషి లోపలికే రాలేదు. బయట లైను దగ్గర ఆగిపోయాడు. మనుషులు లేరు. ఎండలో మూడు వందల పన్నెండు చెప్పులు, ఒక్కోదాని కింద నీలి ముద్రలు నిండిన కాగితం. ఆయన కళ్లద్దాలు తీసి, తుడిచి, పెట్టుకుని, లైను ఈ చివర నుంచి ఆ చివరదాకా ఒకసారి నడిచి వచ్చాడు.

"మనిషి మాయమయ్యాడు, ఎదురుచూపు మాత్రం మిగిలింది. వినోద సంస్కృతి మీద ఇంతకు మించిన విమర్శ నేను చూడలేదు," అని ఇంగ్లీషులో అన్నాడు. "ఇవి ఎవరు పెట్టారు?"

"వాళ్లే పెట్టుకున్నారు," అంది అరుణజ్యోతి నిజాయితీగా.

"మరీ మంచిది. ఇది ఇక్కడ ఉండాల్సిన కళ కాదు. రేపే ఢిల్లీకి తరలించండి."

చూశారా పాఠకులారా! జనం తగ్గితే మూసేస్తారని కుళ్ళాయప్ప భయపడ్డాడు. ఇంత బాగున్నందుకు కూడా మూసేస్తారని ఆయనకెవరు చెప్పారు?

ఆయన పరుగెత్తుకొచ్చి చేతులు కట్టుకు నిలబడ్డాడు. "సార్, జనం రేపు వస్తారు సార్. ఇత్తనాలకి పోయినారు. మీరు పోవద్దండి సార్, మా చెట్లు..."

అరుణజ్యోతి దాన్ని ఇంగ్లీషులో చెప్పింది. పెద్దమనిషి కరిగిపోయి కుళ్ళాయప్ప భుజం తట్టాడు. "విత్తనాలు, చెట్లు! ఎంత చక్కటి కవిత్వం! కానీ చెట్లు లారీలో పట్టవని చెప్పు. చెప్పులు చాలు."

ఎద్దు పుండు కాకికి ముద్దు. కానీ ఆ కాకికి తాను పొడుస్తున్నది పుండు అని కూడా తెలియదు, దాని మీద కోపం తెచ్చుకుని ఏం లాభం?

అరుణజ్యోతికి అప్పుడు తెలిసింది, ఆ ఎర్ర బుగ్గ సంగతేమిటో. చిన్నక్క చెప్పింది, దాచకుండా అంతా చెప్పింది. ఆ అమ్మాయి మొహం మాడిపోయింది. కరెంటిప్పించిన పెద్ద ఆఫీసరెవరికో వెంటనే ఫోన్ చేసింది. లైను ఇంకొక్క నెల అలాగే ఉంచమని అడిగింది.

"ఎగ్జిబిషన్ పేరు మీద ఇచ్చామమ్మా. ఎగ్జిబిషన్ లేకపోతే ఎవరి పేరు మీద ఇవ్వాలి?" అన్నాడాయన.

"చీనీ తోట పేరు మీద ఇవ్వండి."

"దానికి వీల్లేదు. తోటలకు వేరే రూల్సు ఉన్నాయి," అని ఆయన ఎంతో మర్యాదగా ఫోన్ పెట్టేశాడు.

మర్నాడు టీవీలు దించి, మూడు వందల పన్నెండు చెప్పులకు బుడగల కవర్లు చుట్టి, నంబర్లు వేసి, అట్టపెట్టెల్లో సర్దారు. చెప్పుల సొంతదారులు వచ్చి అభ్యంతరం చెబితే ఒక్కొక్కరికి కొత్త జత ఇచ్చారు. లారీ హారన్ కొట్టింది. కుళ్ళాయప్ప పోయి చెట్లు లెక్కపెట్టుకున్నాడు. యేసన్న స్తంభమెక్కి, కిందికి చూడకుండా పని చేసుకుని దిగి వెళ్లిపోయాడు.

జూన్‌లో వాన రాలేదు. జూలైలో మబ్బు వచ్చి, చూసి, పోయింది.

ఇప్పటికి నూట ముప్పై చెట్లు మిగిలాయి. పోయినవారం అరుణజ్యోతి ఢిల్లీ నుంచి వీడియో కాల్ చేసింది. చల్లటి పెద్ద హాలు. ఒక్కో చెప్పుకు ఒక గాజు పీట, పైన ఒక చిన్న లైటు. ఎనభై ఎనిమిదో నంబరు పచ్చ వార్ల చెప్పును జనం వంగి వంగి చూస్తున్నారు. దాని వెనక గోడ మీద, గోడంత చెట్టు. పాదులో నీళ్లు గలగలా తిరుగుతున్నాయి.

"ఆ నీళ్లు నిలబడవా మ్మా?" అని అడిగాడు కుళ్ళాయప్ప.

"నిలబడవు పెద్దాయనా. మళ్లీ మళ్లీ వస్తుంటాయి."

"ఆడ కరెంటు పోదా?"

చిన్నక్క ఫోన్ లాక్కుని దగ్గరగా చూసింది. "ఇది మన మూల చెట్టు గదా! ఎంత పచ్చగా ఉండాది," అంది. అని, తలెత్తి మూలకు చూసింది. అక్కడ మూల చెట్టు కట్టెగా నిలబడి ఉంది. ఫోన్ మొగుడి చేతికిచ్చి లోపలికి పోయింది.

కనుక అయ్యలారా, మొదట చెప్పిందే మళ్లీ చెబుతున్నాం. రైతు తన చెట్టుకు నీళ్లడిగితే లైను తట్టుకోదు. ఆ నీళ్ల బొమ్మకు మాత్రం ఎంతైనా తట్టుకుంటుంది. ఈ సూక్ష్మం గ్రహించిన తొలి రైతు కుళ్ళాయప్ప. ఆయన ఆ మర్నాడే ఇంట్లోని పాత టీవీ మోసుకొచ్చి మోటారు గదిలో పెట్టాడు. కరెంటున్నంతసేపు దాంట్లో ఎవరో ఏడుస్తుంటారు. గది మీద బోర్డు కట్టాడు: "చీనీదాహం. వీడియో కళాప్రదర్శన. ప్రవేశం ఉచితం." ఎగ్జిబిషన్‌కు ఇరవై నాలుగు గంటల త్రీఫేజు ఇప్పించవలసిందని అర్జీ పెట్టాడు. వ్యవసాయం కింద కాదు, కళ కింద. ఈసారి జవాబు నాలుగే రోజుల్లో వచ్చింది! రోజుకు నూరుమంది ప్రేక్షకులు ఉన్నట్టు రుజువైతే పరిశీలిస్తారట. తనిఖీకి మనిషి వస్తున్నాడు.

మీరు గార్లదిన్నె దాకా రాలేరని కుళ్ళాయప్పకు తెలుసు. ఎండగా ఉంది, పనులుంటాయి. రానక్కర్లేదు. ఒక చెప్పు పంపండి. పాతదైనా ఫరవాలేదు, లైన్లో ఆయనే పెట్టుకుంటాడు.